సగం సాక్ష్యం

అరవై నాలుగేళ్ళ ఈ కాళ్ళకు మూడో అంతస్తు మెట్లు రెండుసార్లు ఎక్కే బలమిచ్చి, మే నెల ఎండలో నన్ను నాగాయలంక దాకా తీసుకెళ్ళి, మళ్ళీ క్షేమంగా ఇంటి గడప తొక్కించిన సజీవుడైన దేవునికి స్తోత్రం. ఆయన సహనం గొప్పది. నాది కాదు. ఈ నాలుగు రోజుల్లో అది నాకు బాగా తెలిసొచ్చింది.

మాది గన్నవరం. బడిలో ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా సంఘం స్త్రీల సమాజం తరఫున నెలకోసారి నాగాయలంక అవతల ఉన్న ఒక యానాదుల కాలనీకి వెళ్ళి ప్రార్థన పెట్టేవాళ్ళం. ఆ కాలనీ పేరు రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

ఆరేళ్ళ కిందట ఒక పరిశోధన సంస్థ వాళ్ళు గిరిజనుల బతుకుదెరువు మీద అధ్యయనం చేస్తామని అక్కడికి వచ్చారు. వాళ్ళకు కాలనీలో ఎవరూ తెలియదు. నేను అందరికీ తెలుసు. మూడు రోజులు వాళ్ళ వెంట తిరిగి, వాళ్ళ ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులో అడిగిపెట్టాను. ఆఖరి రోజు నాకు శాలువా కప్పారు. నేను ఇంటికొచ్చి ఆ సంగతి మర్చిపోయాను.

ఈ వేసవిలో కాలనీ నుంచి కాంతమ్మ ఫోన్ చేసింది. ఆమె భర్త యోహాను ఒక రొయ్యల చెరువుకు కాపలా ఉంటాడు. చెరువు రైతు అతన్ని మానిపించాడట. రైతు అల్లుడు ఫోన్లో ఏదో చూస్తుంటే, ఆ సంస్థ నెట్లో పెట్టిన పుస్తకంలో యోహాను ఫొటో కనిపించిందట. దాని కింద కాలనీ పేరు, మనిషి పేరు, ఒక వాక్యం: "నేను కాపలా ఉన్న చెరువులోనే రాత్రిళ్ళు రొయ్యలు పట్టి అమ్ముకునేవాణ్ణి."

"ఆ పుస్తకం రాసినోళ్ళని తీసుకొచ్చింది మీరే గదా టీచరమ్మా. మీరే తీపించాలి," అంది కాంతమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

గవర్నర్‌పేట: పేరుంటే వెతకరు

సిటీ బస్సు దిగి, హోల్‌సేల్ బట్టల దుకాణాల ముందు దించుతున్న బేళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ ఆ ఆఫీసు వెతికాను. కింద లాడ్జి, పైన ఆడిటరు, ఆ పైన పరిశోధన. లిఫ్టుకు తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందని అడిగితే లాడ్జి గుమాస్తా, "మీరు పైకెళ్ళి అడగండమ్మా, వాళ్ళ దగ్గరే ఉంటుంది," అన్నాడు. నేను పైకెళ్ళాక ఆ తాళం చెవితో నాకేం పని?

పైన స్రవంతి అని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. రికార్డులన్నీ ఆమె చూసుకుంటుందట. చల్లటి నీళ్ళిచ్చింది, ఫ్యాను నా వైపు తిప్పింది. మంచి పిల్ల. ఆమె వెనక గోడకు అందమైన ఫ్రేము ఒకటి. గిరిజనుల సమాచారం మీద హక్కు గిరిజనులదే, దానివల్ల వాళ్ళకు మేలే జరగాలి, కీడు జరగకూడదు అని ఇంగ్లీషులో రాసి ఉంది. పక్కనే తలమీద కట్టెలమోపుతో ఒక గిరిజన స్త్రీ బొమ్మ. తన బొమ్మ గవర్నర్‌పేటలో మేకుకు వేలాడుతోందని ఆ తల్లికి తెలుసో లేదో.

విషయమంతా చెప్పాను.

"అయ్యో, చాలా సెన్సిటివ్ అండీ ఇది. తీసేయొచ్చండీ. ఆయన నంబరు చెప్పండి."

"ఫోన్ నంబరా?"

"కాదండీ, పార్టిసిపెంట్ నంబరు. ఒక్కొక్కళ్ళకీ ఒక నంబరు ఇస్తామండీ."

"అతనికి ఆ నంబరు ఉన్నట్టే తెలియదమ్మా. పేరు యోహాను. అదిగో మీ పుస్తకంలోనే అచ్చేశారుగా, ఫొటోతో సహా."

"పేరుతో వెతకడం మా ఎథిక్స్‌కి విరుద్ధం అండీ. పేర్లు కాన్ఫిడెన్షియల్."

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నిజంగానే అంటోంది. ఊరందరికీ కనిపించేలా పేరు అచ్చువేయడం తప్పు కాదట, ఆ తప్పు దిద్దడానికి ఆ పేరు పలకడం తప్పట. అక్షరం పట్టుకుని వేలాడే పరిసయ్యులు గుర్తొచ్చారు గానీ, ఆ పిల్ల ఇచ్చిన నీళ్ళే ఇంకో గుక్క తాగాను.

చివరికి కాలనీ పేరుతో వెతికి ఫైలు పట్టుకుంది. అప్పుడు ఇంకొక చిక్కు బయటపడింది. కుటుంబం మొత్తానికి ఒకటే నంబరు. యోహాను చెప్పిన మాటలూ, అతని తల్లి చెప్పిన మాటలూ ఒకే రికార్డింగులో ఉన్నాయి. తీసేస్తే రెండూ పోతాయి. ఆ తల్లి ప్రభువు సన్నిధికి వెళ్ళి మూడేళ్ళయింది.

"విడగొట్టడానికి సార్ పర్మిషన్ కావాలండీ. ముందు ఈ ఫారం మీద ఆయన వేలిముద్ర తీసుకురండి. ఒరిజినలే కావాలండీ, వాట్సాప్‌లో ఫొటో కుదరదు."

నాలుగు పేజీల ఫారం. కింద మెట్ల దగ్గర జిరాక్సు తీయించుకుని, ఎదురు బడ్డీలో పది రూపాయల టీ తాగాను. కారం చేయి తగిలినట్టు కళ్ళు మండుతున్నాయి. ఎండో, కోపమో.

బస్సులో వంకర తోక నెమలి

మర్నాడు పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాను. నా పక్కన పెడన నుంచి వచ్చిన కలంకారీ చీరల వ్యాపారి కూర్చున్నాడు. నుదుట పెద్ద బొట్టు, ఒళ్ళో చీరల మూట. విజయవాడలో కొంత సరుకు ఇచ్చి, మిగతాది చల్లపల్లిలో ఒక కొట్టుకు వేయడానికి వెళ్తున్నాడు. ఉయ్యూరు దాటేలోపే నేనెవరో, పిల్లలెందరో, మోకాళ్ళ నొప్పులకు ఏం వాడుతున్నానో అన్నీ అడిగేశాడు. నేనూ నా ప్రయాణం సంగతి చెప్పాను, ఎవరి పేరూ చెప్పకుండా.

"మాదీ అదే గోలండీ," అన్నాడు మూట మీద అరచేత్తో కొట్టి. "మా నాయన చెక్కించిన అచ్చు ఒకటుందండీ, నెమలి. చెక్కినాయన చెయ్యి జారి తోక కాస్త వంకర తిరిగింది. ఎవరో వచ్చి, మా పనిమీద పుస్తకం రాత్తన్నామని ఫొటో తీసుకున్నారు. కాఫీ కూడా ఇచ్చామండీ. ఇప్పుడా నెమలిని ఎక్కడో మిషన్ మీద గుద్దేసి అమ్ముతున్నారు. అడిగితే నెట్లో ఉంది గదా అంటారు. ఆ వంకర కూడా అట్టాగే గుద్దారండీ! కనీసం తోకన్నా సరిచేసుకోవచ్చు గదా!"

నవ్వొచ్చింది. తర్వాత ఆయనే నవ్వడం ఆపేసి, "మీవాడికి ఉద్యోగం పోయింది. నాకు నెమలే గదా పోయింది," అన్నాడు. చల్లపల్లిలో దిగేముందు రెండు అరటిపళ్ళు నా ఒళ్ళో పెట్టాడు. మా ప్రార్థనలో ఆయన్ని కూడా జ్ఞాపకం చేసుకుంటానని చెబితే, "చేసుకోండి, ఏ దేవుడు విన్నా మాకు లాభమే," అని దిగిపోయాడు.

ఆ రాత్రి నాగాయలంకలో మా సంఘం సహోదరి ఇంట్లో ఉన్నాను. మా గన్నవరంలో చుట్టం వస్తే మంచినీళ్ళిచ్చి కుశలం అడుగుతాం. అక్కడ చెప్పులు విప్పకముందే "ఏం చేప తింటారు" అని అడుగుతారు. కట్టచేపల పులుసు పెట్టింది. అంత చింతపండు నేను తినలేను, తిన్నాను.

కాలనీలో ఒక మాట

వేసవికి కాలువల్లో నీళ్ళు కట్టేసిన రోజులు. కాలనీ పక్కన కాలువలో మోకాలి లోతు బురద, అందులో పిల్లల కేరింతలు. కాంతమ్మ ఇంటిముందు నీళ్ళు చల్లి చాప పరిచింది. యోహాను లేచి నిలబడ్డాడు గానీ దగ్గరకు రాలేదు. మనిషి సగమయ్యాడు.

కాంతమ్మ గోంగూరలో చిన్న రొయ్యలు వేసి వండింది. అన్నం పెడుతూ, "కొన్నవేనండీ," అంది. నేను అడగలేదు. ఆ మాట ఆమె చెప్పాల్సి వచ్చింది.

తిన్నాక ఫారం తీసి చదవడం మొదలుపెట్టాను. "మీ సమాచార సేకరణకు మీరు పూర్వం ఇచ్చిన అంగీకారాన్ని..."

"మేం సమాచారం ఎప్పుడిచ్చామండీ?" అంది కాంతమ్మ.

"ఆరేళ్ళ కిందట, వాళ్ళతో మాట్లాడారు గదా."

"అది సాక్ష్యం గదండీ. మీరే అన్నారుగా టీచరమ్మా, ఒక్కొక్కళ్ళూ వచ్చి సాక్ష్యం చెప్పండి, వీళ్ళు రాసుకుంటారు అని. అందుకే గదా మావోడు అంతా చెప్పుకుంది."

ఫారం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

గుర్తొచ్చింది. ఆ సంస్థ కాగితంలో ఉన్న డేటా అన్న ఇంగ్లీషు మాటకు సమాచారం అంటే కాలనీవాళ్ళకు ఎక్కదు, వివరాలు అంటే రేషను కార్డు అనుకుంటారు. నాకు నోటికి అలవాటైన మాట వాడాను. సాక్ష్యం. మన సంఘాల్లో ఆ మాటకు అర్థం మీకు చెప్పక్కర్లేదు. మనిషి లేచి నిలబడి, నేను ఇలాంటివాణ్ణి, ఈ పాపం చేశాను, ప్రభువు నన్ను పట్టుకుని ఇలా మార్చాడు అని చెప్పుకుంటాడు. ఎంత లోతు నుంచి చెప్పుకుంటే దేవునికి అంత మహిమ. వింటున్నవాళ్ళు స్తోత్రం అంటారు. అంతేగాని పుస్తకంలో ఎక్కించి ఫొటో తీసి ఊళ్ళమీదికి వదలరు.

యోహాను అప్పుడు మాట్లాడాడు. "నేను చెప్పింది అబద్ధం కాదండీ. బాప్తిస్మానికి ముందు, ఇంకో చెరువు కాడ, ఆకలిరోజుల్లో పట్టాను. రక్షణలోకి వచ్చాక ఆ రైతు కాళ్ళమీద పడ్డాను. ఆ పంట మొత్తం కూలి తీసుకోకుండా చేశాను. అదంతా చెప్పాను గదండీ వాళ్ళకి. అది రాయలేదా?"

రాయలేదు. నేను స్రవంతి దగ్గర ఆ పుట చూశాను. బతుకుదెరువు గురించి గనక రొయ్యల ముక్క ఉంచారు. మారుమనస్సు వాళ్ళ అంశం కాదు గనక ఆ ముక్క తీసేశారు. సాక్ష్యంలో మొదటి సగం ఒక్కటే మిగిలితే దాన్ని ఏమంటారో పోలీసు స్టేషన్లో అడగండి. దొంగలన్న ముద్రను ఆ జనం మీద తరతరాలుగా వేసిన దేశం ఇది. ఆ ముద్రకు నా చేతులతో సిరా అందించాను.

తల్లి రికార్డింగు సంగతి చెప్పాను. తీసేస్తే ఆమె గొంతు కూడా పోవచ్చని.

"అమ్మ గొంతు వాళ్ళ కాడ ఉందా?" అన్నాడు. అంతసేపటికి మొదటిసారి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "మాకెవరూ చెప్పలేదే. మా కాడ అమ్మ ఫొటో కూడా లేదండీ."

వేలిముద్ర వేయనన్నాడు. "రెండూ ఇడగొట్టమనండి. నేనే వచ్చి అడుగుతాను. నా మాట నాకు ఇచ్చెయ్యమనండి, అమ్మ మాట కూడా ఇమ్మనండి."

చెరువు గట్టు మీద

సాయంత్రం చెరువు రైతు దగ్గరకు ఒక్కదాన్నే వెళ్ళాను. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెరువుకు సున్నం చల్లిస్తున్నాడు. చెడ్డవాడు కాదు, అదే నాకు మరింత విసుగు. చెడ్డవాడైతే నాలుగు మాటలని వచ్చేదాన్ని.

"నాకేం కోపం లేదండీ టీచర్ గారు. నాలుగేళ్ళు చేశాడు, ఒక్క రొయ్య తేడా లేదు. కానీ రాసి ఉంది గదండీ."

"ఆ తప్పు మీ దగ్గర చేసింది కాదు. ఎప్పటిదో. ఒప్పుకుని తీర్చుకున్నాడు కూడా."

"అది రాసి లేదు గదండీ."

"రాసినవాళ్ళే తప్పు రాశామని కాగితం ఇస్తే?"

గడ్డం గోక్కున్నాడు. "పట్టుకు రమ్మనండి. గురువారం చెరువులో రొయ్య పిల్లని వదులుతున్నా. అప్పటికి ఎవడో ఒకడు కాపలా ఉండాలి. ఆలోగా వత్తే చూద్దాం."

ఆ రోజు సోమవారం. మూడు రోజులు. మూడు రోజుల్లో కాలనీ బతుకంతా అధ్యయనం చేసినవాళ్ళకు ఒక కాగితం రాయడానికి మూడు రోజులు చాలునా ప్రభువా అని గట్టు మీదే ప్రార్థన చేసుకున్నాను. రొయ్య పిల్ల కూడా రోజు చూసుకుని వస్తుంది, మనుషుల పనికే రోజు కుదరదు.

పీతలతో గవర్నర్‌పేటకు

మంగళవారం తొలి బస్సుకు ముగ్గురం బయలుదేరాం. ఆఫీసు అమ్మాయికి ఉత్తచేతులతో వెళ్ళడం మర్యాద కాదని కాంతమ్మ తడి గోనెలో ఆరు మడ పీతలు కట్టింది, ప్రాణంతోనే. నేను అక్కర్లేదన్నాను. నా మాట ఎవరు వింటారు? నా ఫారం ఉన్న సంచిని ఆ గోనె మీదే పెట్టింది. విజయవాడలో దిగి చూస్తే నాలుగు పేజీలూ బురదనీళ్ళు తాగి ఉన్నాయి.

"పోనీలెండి, అందులో ఉన్న మాట మనకెట్టాగూ పనికిరాదు," అంది కాంతమ్మ.

మూడో అంతస్తు. స్రవంతి గోనె చూసి, అది కదలడం చూసి, కుర్చీలోంచి లేచింది. "ఇవి నాకా అండీ?" అంది భయంగా. "కూర చెయ్యడం వచ్చా అమ్మా నీకు?" అని కాంతమ్మ అడిగితే, రాదని ఒప్పుకుంది. "మరి ఏం చదువుకున్నావు," అంది కాంతమ్మ. అప్పటినుంచి గదిలో గాలి తేలికయింది.

యోహాను కుర్చీ అంచున కూర్చుని ఒకటే అడిగాడు. "నేను చెప్పింది నాకు వినిపించండమ్మా."

ఆరేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదని స్రవంతి చెప్పింది. కంప్యూటరు శబ్దం పెంచింది.

ముందు తల్లి గొంతు వచ్చింది. పరిశోధకుణ్ణి కసురుతోంది. "ఏందయ్యా, ఏం తింటావు ఏం తింటావు అని పొద్దున్నించి. ఏం, వండి పెడతావా?" యోహాను పడీపడీ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె మడ అడవిలో పాయలు ఎటు తిరుగుతాయో, ఏ నీటికి ఏ చేప వస్తుందో చెప్పుకుంటూ పోయింది. కాంతమ్మ పెదవులు కదుపుతోంది, పేర్లు నేర్చుకుంటున్నట్టు.

తర్వాత ఇంకొక గొంతు. ఆడగొంతు, బడిపంతులమ్మ గొంతు. "చెప్పు యోహానూ. దాచుకోకు. ఇక్కడ మనమూ ప్రభువే, ఇంకెవరూ లేరు."

అది నేను.

గదిలో ఎవరూ నావైపు చూడలేదు. మూడు రోజులుగా ఆ సంస్థను, ఆ ఫారాన్ని, ఆ లిఫ్టును, ఆ గుమాస్తాను తిట్టుకుంటూ తిరిగాను. వాళ్ళ యంత్రం ఎర్రదీపం వెలుగుతూ నా ఎదుటే ఉండగా, ఇంకెవరూ లేరని చెప్పింది నేను. పిల్లలకు అబద్ధమాడొద్దని ముప్పై ఏళ్ళు చెప్పిన నోరది.

యోహాను సాక్ష్యం పూర్తిగా విన్నాం, రెండో సగంతో సహా. ఆఖరున రికార్డింగులో అతను "దేవునికే మహిమ" అంటే, ఇక్కడ కాంతమ్మ "ఆమెన్" అంది.

స్రవంతి కొత్త ఫారం తీసింది. అందులో ఉపసంహరణకు కారణం అని ఒక గడి ఉంది. వ్యక్తిగతం అని రాస్తే చాలంది. యోహాను ఆ గడిలో తన మాటే రాయాలన్నాడు. ఆలోచించుకుని మెల్లగా చెప్పాడు. ఆమె ఒక్క అక్షరం మార్చకుండా రాసింది.

"అది నేను ప్రభువుతో చెప్పుకున్న మాట. మీతో చెప్పింది కాదు."

వేలిముద్ర వేశాడు. రికార్డింగు విడగొట్టడానికి స్రవంతి వాళ్ళ సారుకు ఫోన్ చేసింది. పదిహేను పనిదినాలు పడుతుందని ఆయన అన్నట్టు బయటికి వినిపించింది. నేను ఫోన్ లాక్కోబోయాను, దేవుడు నన్ను క్షమించును గాక. ఆ అవసరం రాలేదు. ఆ పిల్ల గోడమీద ఫ్రేము వైపు చూసి, "సార్, మరి మనం ఇది గోడకెందుకు పెట్టుకున్నాం సార్?" అంది. ఆయన సరే, ఇవాళే చెయ్యమన్నారు.

ఆ పుట సైటులోంచి తీసేశారు. సంస్థ కాగితం మీద, సరైన అంగీకారం లేకుండా, సగం మాట మాత్రమే అచ్చువేశామని రాసి సంతకం పెట్టి యోహాను చేతికిచ్చారు. తల్లి గొంతు కాంతమ్మ ఫోన్లో ఎక్కించారు. ఇప్పటికే ఎవరెవరు దించుకున్నారో వాళ్ళ దగ్గరున్నది మాత్రం వెనక్కి రప్పించలేమని స్రవంతి తలవంచుకుని చెప్పింది. బస్టాండులో వాళ్ళిద్దరినీ ఎక్కించి, పులిహోర పొట్లాలు చేతికిచ్చి నేను గన్నవరం వచ్చాను.

ఇంటికొచ్చాక

ఇది రాసి, అచ్చుకు ఇచ్చేముందు ఫోన్లో యోహానుకు మొత్తం చదివి వినిపించాను. రెండుచోట్ల తీసేయమన్నాడు, తీసేశాను. అవేమిటని అడగకండి. ఒకచోట, తాను ఏడ్చినట్టు రాశానుగా, అది ఉండనీయమన్నాడు, అమ్మ కోసమే గనక.

ఇవాళ బుధవారం. రైతు ఆ కాగితం రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడట. రేపు పొద్దున చెప్తానన్నాడట. అంతే. నేను ఇంతకంటే ఏమీ చేయలేను, చేసినదాన్ని వెనక్కి తీసుకోనూ లేను.

సహోదరులారా, సహోదరీలారా, మీరిది చదివేసరికి ఆ గురువారం దాటిపోయి ఉంటుంది. అయినా దయచేసి నాతో కలిసి మోకరించండి. ఆ చెరువు గట్టు మీద ఆ మనిషికి మళ్ళీ చోటు దొరకాలని, సగం మాట విన్న ప్రతివారికీ మిగతా సగం వినే చెవులు కలగాలని, నా నోటికి కావలి ఉండాలని అడగండి. కాంతమ్మ అన్నది నేను మార్చి పెట్టిన పేరు. యోహాను అన్నది కూడా అతని పేరు కాదు. అతనే తనకోసం ఎంచుకుని, ఇలా రాయమన్నాడు. మీరు ఈ పేరుతోనే ప్రార్థించండి. ఎవరి గురించి అడుగుతున్నారో దేవునికి తెలుసు. ఆమెన్.